ముంబై నడిబొడ్డున జనం ఎందుకు తగ్గారు?

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మైకు వెనక బెంచీల దాకా వినబడుతోందా? సరే, మొదలుపెడతాను.

జనాభా మీద మాట్లాడమని పిలిస్తే వచ్చినవాళ్లు మామూలుగా పెరుగుదల గురించి భయపెట్టి వెళ్తారు. నేను ఈ సాయంత్రం తగ్గుదల గురించి చెబుదామని వచ్చాను. అది కూడా ముంబైలో. లోకల్ రైల్లో రెండో కాలు పెట్టడానికి చోటు దొరకని ముంబైలో జనం తగ్గడమేమిటని మీకు అనిపిస్తుంది. నాకూ ఆ అంకెలు మొదటిసారి చూసినప్పుడు అలాగే అనిపించింది.

ముంబై మహానగరం రెండు జిల్లాలు. ఒకటి ముంబై నగర జిల్లా. కొలాబా నుంచి మాహిం, సయన్ దాకా, ఒకప్పటి ఏడు దీవులను పూడ్చి కలిపిన నేల. రెండోది శివారు జిల్లా, బాంద్రా, కుర్లా నుంచి పైకి దహిసర్, ములుండ్ దాకా. నగర జిల్లాలో 2001లో 33,38,031 మంది ఉండేవారు. 2011 జనగణన నాటికి 30,85,411 మంది మిగిలారు. అంటే పదేళ్లలో రెండున్నర లక్షల మంది తగ్గారు, నూటికి ఏడున్నర మంది. అదే పదేళ్లలో పక్కనున్న థానే జిల్లా 81 లక్షల నుంచి కోటీ పది లక్షలకు పెరిగింది.

ఇంకొంచెం వెనక్కి పోదాం. ఈ నగర జిల్లాలో 1971లో 30.7 లక్షల మంది. 1981లో 32.85. 1991లో 31.75. 2001లో 33.4. 2011లో మళ్లీ 30.85. నలభై ఏళ్లు గడిచాక బయల్దేరిన చోటికే వచ్చి నిలబడింది. ఈ నలభై ఏళ్లలో అక్కడ లేచిన కాంక్రీటు ఎంతో మీరు సినిమాల్లో చూసే ఉంటారు. భవనాలు అన్ని లేస్తుంటే మనుషులు ఎలా తగ్గారన్నదే ఇవాళ్టి ప్రశ్న.

2011 తర్వాత అంకెలు చెప్పమని అడగకండి. 2021లో జరగాల్సిన జనగణన కోవిడ్‌తో వాయిదా పడి 2027కి వెళ్లింది. కాబట్టి వార్డు స్థాయిలో మన చేతిలో ఉన్న గట్టి లెక్క 2011దే.

ఇప్పుడు వార్డుల్లోకి వెళ్దాం. జిల్లా మొత్తం తగ్గిందంటే అన్ని మూలలా ఒకేలా తగ్గిందని కాదు. నగర జిల్లాలో తొమ్మిది వార్డులు, వాటికి ఇంగ్లీషు అక్షరాలే పేర్లు. సి వార్డు అంటే కాల్బాదేవి, భులేశ్వర్, పైధునీ. బట్టల బజారు, బంగారం బజారు, పూజా సామాన్ల బజారు. ఇక్కడ 2,02,922 నుంచి 1,66,161కి పడిపోయింది. నూటికి పద్దెనిమిది మంది లేరు! దాదాపు అంతే పడిపోయిన ఇంకో వార్డు జి సౌత్. వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్. 4,57,931 నుంచి 3,77,749. ఒక్క వార్డులోనే 80 వేల మంది తగ్గారు. కొలాబా, ఫోర్ట్ ఉన్న ‘ఏ’ (A) వార్డులో నూటికి పన్నెండు, బైకల్లా, కామాఠీపురా ఉన్న ఇ వార్డులో పదిన్నర పైచిలుకు. డోంగ్రీ, మలబార్ హిల్, లాల్‌బాగ్ వైపు వార్డుల్లో తొమ్మిది అటూ ఇటూ.

తొమ్మిదింట్లో ఏడు తగ్గాయి. మరి పెరిగిన ఆ రెండూ ఏవి? ధారావి ఉన్న జి నార్త్, వడాలా, ఆంటాప్ హిల్ ఉన్న ఎఫ్ నార్త్. అవీ పెద్దగా ఏం పెరగలేదు, ఒకటి మూడు శాతం, ఇంకొకటి ఒక శాతం లోపు. కానీ ఏ వార్డులు నిలబడ్డాయో చూడండి. పేదవాళ్ల బస్తీలు పెద్దఎత్తున మిగిలిన చోట్లే జనం మిగిలారు. ఎఫ్ నార్త్‌లో ఇంకో సంగతి కూడా ఉంది. సయన్ ప్రతీక్షానగర్‌లో పెద్ద ట్రాన్సిట్ క్యాంపులు ఉన్నాయి. పాత భవనం కూలిపోతుందని ఖాళీ చేయించినవాళ్లను తెచ్చిపెట్టే ఇళ్లు అవి. కాబట్టి ఒక వార్డులో తగ్గిన మనిషి కొంతమేర పక్క వార్డులో పెరిగిన మనిషి కూడా అయి ఉండొచ్చు.

ముంబై నడిబొడ్డు ఇలా తగ్గడం ఇది మొదటిసారేం కాదు. 1864లో లెక్క తీస్తే 8,16,562 మంది. అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతోంది, అక్కడి పత్తి ఇంగ్లండుకు ఆగిపోయింది, మన పత్తికి బంగారం ధర పలికింది, జనం బొంబాయికి ఎగబడ్డారు. యుద్ధం ఆగింది, పత్తి ధర కూలింది. 1872లో లెక్కపెడితే 6,44,405. తర్వాత ప్లేగు. 1896లో మాండ్వీలో, అంటే ఇప్పటి బి వార్డులో, గోదాముల మధ్య ఇళ్లలో మొదటి కేసులు దొరికాయి. జనం మూటా ముల్లే సర్దుకుని పారిపోయారు. 1891లో 8.2 లక్షలున్న ఊరు 1901లో 7.76 లక్షలకు దిగింది.

ప్లేగు తర్వాత ప్రభుత్వం 1898లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టింది. గాలి రాని ఇరుకు వాడలను కొట్టేసి వెడల్పు రోడ్లు వేశారు, దాదర్, మాటుంగా వైపు కొత్త కాలనీలు కట్టారు. ఇవాళ మీరు మహమ్మదలీ రోడ్డు మీద నడిచారంటే ప్లేగు పుణ్యాన వేసిన రోడ్డు మీద నడిచినట్టే. అప్పుడూ ఇళ్లు కోల్పోయిన వాళ్లందరికీ కొత్త కాలనీలో ఇల్లు రాలేదు. వాళ్లు పక్క సందులో ఇంకో ఇరుకు గదిలో దూరారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

అప్పటి రెండు తగ్గుదలలకు కారణం ఒక్క మాటలో చెప్పొచ్చు, ఒకటి మార్కెట్, ఇంకొకటి రోగం. ఇప్పటిది అలా ఒక్క మాటకు లొంగదు. ముందు ఇంటి సంగతి చెప్పాలి, దానికి కాస్త టైము తీసుకుంటాను.

మా పెద్దమ్మ వాళ్లు వర్లీలో బీడీడీ చాల్‌లో ఉండేవాళ్లు. ఇక్కడ కరీంనగర్, నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు వాళ్లు కూర్చునే ఉంటారు, మీలో ఎంతమందికి వర్లీలోనో నాయిగావ్‌లోనో చుట్టాలున్నారు? చేతులెత్తండి. చూశారా! (నవ్వులు) బీడీడీ అంటే బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్. చాల్ అంటే వరండా వెంట ఒంటిగది కాపురాలు వరసగా ఉన్న భవనం. 1920లలో మిల్లు కార్మికుల కోసమని ప్రభుత్వం కట్టించిన చాల్‌లు, నాలుగు చోట్ల కలిపి 207 భవనాలు. అందులో 121 వర్లీలోనే. ఒక్కో గది 160 చదరపు అడుగులు.

గదిలోకి అడుగుపెడితే మూలన మోరీ. అంటే మోకాలెత్తు గోడ కట్టిన చిన్న జాగా. స్నానం అక్కడే, అంట్లు అక్కడే, బిందెలు అక్కడే. పైన చెక్కలతో కట్టిన అటక, దాన్ని వాళ్లు పోటమాళా అంటారు. పెళ్లయిన పెద్దకొడుకు, కోడలు రాత్రి నిచ్చెనెక్కి ఆ అటక మీద పడుకుంటారు. ఇనుప మంచం మీద పెద్దాయన. మంచం కింద ట్రంకు పెట్టెలు, వాటి పక్క ఖాళీలో పిల్లలు. పెళ్లికాని మగపిల్లలు చాపలు తీసుకుని బయట వరండాలోకి. ఊరి నుంచి ఉద్యోగం కోసం వచ్చిన మేనల్లుడు కూడా ఆ వరండాలోనే, ఆర్నెల్లయినా వెళ్లడు. మరుగుదొడ్లు వరండా చివర, అందరికీ కలిపి. పొద్దున్నే బకెట్టుతో వరసలో నిలబడాలి. ఆ టెన్షన్ అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది.

అలాంటి ఒక్క గదిలో ఆరుగురు, ఎనిమిదిమంది. ఆ గదులు వేలకు వేలు. నగర జిల్లా 33 లక్షలను మోసింది ఇలాగే. అంత జనం అంత చిన్న నేల మీద ఉండటం గొప్ప అని నేను అనను. ఆ జీవితాన్ని తలుచుకుని మురిసిపోయే వ్యాసాలు నాకు నచ్చవు, రాసేవాళ్లలో ఎక్కువమంది ఆ వరసలో నిలబడలేదు.

మరి ఇల్లు ఎందుకు ఇరుకుగానే ఉండిపోయింది? 1947లో అద్దెల చట్టం వచ్చింది. 1940 నాటి అద్దె దగ్గర అద్దెలను బిగించేశారు. యుద్ధం రోజుల్లో, దేశ విభజన రోజుల్లో అది అవసరమే. కానీ ఆ బిగింపు అర్ధ శతాబ్దం నడిచింది. కొత్త అద్దె చట్టం 1999లో చేస్తే, ఏడాదికి నాలుగు శాతం పెంచుకోవచ్చని అప్పుడు అనుమతి దొరికింది. ఈలోపు ఇంటి యజమానికి వచ్చే అద్దె సున్నం వేయించడానికి కూడా చాలేది కాదు. వేయించడం మానేశాడు. ఆ అద్దెకు ఇల్లు దొరికినవాడు చచ్చినా ఖాళీ చేయడు. చేసేవాడు పగిడీ తీసుకుని చేస్తాడు. పగిడీ అంటే కిరాయిదారు తన హక్కును ఇంకొకరికి పెద్దమొత్తానికి ఇవ్వడం, అందులో మూడో వంతు అటూ ఇటూ యజమానికి ముట్టచెప్పడం ఆనవాయితీ. అలా యజమాని పేరుకు యజమాని, కిరాయిదారు సగం యజమాని, గోడకు మాత్రం ఎవరూ యజమాని కారు.

గోడలు కూలడం మొదలయ్యాక 1969లో ప్రభుత్వం మరమ్మతుల బోర్డు పెట్టి, ఈ భవనాల మీద సెస్సు, అంటే మరమ్మతుల కోసం అదనపు పన్ను, వేసింది. అప్పుడు సెస్సు భవనాలు 19 వేల పైచిలుకు. చాలావరకు 1940కి ముందువే. ప్రతి వానాకాలం ముందు ప్రమాదకరమైన భవనాల జాబితా వస్తుంది, ప్రతి వానాకాలం ఎక్కడో ఒకటి కూలుతుంది. 2017 ఆగస్టు 31న భేండీ బజార్ దగ్గర హుసేనీ భవనం కూలి ముప్ఫై మందికి పైగా పోయారు.

ఇదీ ఇంటి సంగతి. ఇక పని సంగతి. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. దాదాపు రెండున్నర లక్షల మంది. ఆ సమ్మెను విరమించినట్టు ఇప్పటికీ ఎవరూ ప్రకటించలేదు, అది అలాగే ఆరిపోయింది. చాలా మిల్లులు మళ్లీ పూర్తిగా నడవలేదు. నేనిందాక చెప్పిన అంకెల్లో 1981 నుంచి 1991కి లక్షా పది వేలు తగ్గింది చూశారా, ఆ పదేళ్లే ఇవి. సమ్మె ఒక్కటే కారణం అనలేం, కానీ గిరణ్‌గావ్‌లో, అంటే ఆ మిల్లుల వాడలో, జీతం ఆగిన ఇల్లు ఎంతకాలం నిలబడుతుంది? కొంకణ్ వాళ్లు కొంకణ్ పోయారు. మన పద్మశాలీలు కొందరు భివండి సాంచాల (మరమగ్గాల) మీదికి పోయారు, కొందరు సిరిసిల్లకు తిరిగొచ్చారు. ఉండిపోయినవాళ్ల ఇంట్లో ఆడవాళ్లు భోజనం డబ్బాలు కట్టారు, బీడీలు చుట్టారు, పిల్లలు కొరియర్ కంపెనీల్లో చేరారు.

మన తెలుగువాళ్లకు ఆ ఊరితో సంబంధం మిల్లులతో మొదలు కాలేదు. కామాఠీపురా పేరే నిజాం రాజ్యం నుంచి వెళ్లి ఇళ్లూ రోడ్లూ కట్టిన కామాఠీల వల్ల వచ్చింది. ఆ పేటకు తర్వాత వేశ్యావాటిక అన్న పేరు స్థిరపడిపోయి, మనవాళ్లు ఆ సంగతి బయటికి చెప్పుకోవడానికి కూడా మొహమాటపడతారు. మొహమాటం ఎందుకో నాకు అర్థం కాదు. దాదర్‌లో బాంబే ఆంధ్ర మహాసభ ఇప్పటికీ ఉంది.

మిల్లు మూతపడ్డాక నేల మిగిలింది. నగరం నడిమధ్య దాదాపు 600 ఎకరాలు. 1991 నాటి నగరాభివృద్ధి నియమాల్లో 58వ నిబంధన ఒక మంచి మాట చెప్పింది. మిల్లు నేల అమ్మాలంటే మూడు భాగాలు చేయాలి, ఒకటి ఆటస్థలాలకు నగరపాలికకు, ఒకటి తక్కువ ధర ఇళ్లకు గృహనిర్మాణ సంస్థ మాడాకు, ఒకటి యజమానికి. పదేళ్లకు, 2001లో, ఒక సవరణ వచ్చింది. మూడు భాగాలు చేయాల్సింది మొత్తం నేలను కాదట, అప్పటికే ఖాళీగా ఉన్న నేలను మాత్రమేనట. షెడ్లు ఉన్న నేల లెక్కలోకి రాదు. మిల్లు అంటేనే షెడ్డు కదండీ! 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందంది. పంచాల్సిన ముక్క చిన్నదైపోయింది. ఈలోపు 2005లో జాతీయ టెక్స్‌టైల్ కార్పొరేషన్ తన మిల్లులను వేలానికి పెడితే, ముంబై టెక్స్‌టైల్ మిల్లు ఒక్కటే 702 కోట్లకు పోయింది. ఫీనిక్స్ మిల్లు మాల్ అయింది, కమలా మిల్లు ఆఫీసులూ హోటళ్లూ అయింది. కార్మికులకు ఇళ్లు కొన్ని వచ్చాయి, అందులో కొన్ని పన్వెల్ దగ్గర. లోయర్ పరేల్‌లో పనిచేసిన మనిషికి ఖాడీ, అంటే సముద్రపు పాయ, దాటి అవతల ఇల్లన్నమాట.

ఇక అసలు లెక్క. మనుషులు తగ్గి మేడలు పెరగడం ఎలాగో చూద్దాం. ఇది ఊహకు వేసుకునే లెక్క, ఏ ఒక్క భవనానిదీ కాదు. నాలుగు అంతస్తుల పాత చాల్, అంతస్తుకు ఇరవై గదులు, మొత్తం 80. గదికి ఆరుగురు, 480 మంది. బిల్డరు వస్తాడు. పాత సెస్సు భవనాన్ని కూల్చి కడితే నియమం ప్రకారం ప్రతి కిరాయిదారుకూ ఉచితంగా ఫ్లాటు ఇవ్వాలి, మొదట్లో కనీసం 225 చదరపు అడుగులు, తర్వాత 300 చేశారు. బదులుగా బిల్డరుకు అదనపు ఎఫ్‌ఎస్‌ఐ, అంటే ఆ నేల మీద ఇంకొన్ని అంతస్తులు కట్టి అమ్ముకునే హక్కు. సరే, కట్టాడు. 80 కుటుంబాలూ వెనక్కి వచ్చాయనుకుందాం. కానీ వచ్చేటప్పుడు ఇంటికి ఆరుగురు రారు. మేనల్లుడికి ఇప్పుడు వరండా లేదు. పిల్లలను ఇద్దరితో ఆపేస్తున్న రోజులు. నలుగురు అనుకోండి, 320. పక్కన అమ్మకానికి కట్టిన రెండో టవర్. అందులో 40 పెద్ద ఫ్లాట్లు, ఇంటికి ముగ్గురు, సగం ఫ్లాట్లకు తాళం. 60 మంది. మొత్తం 380. నాలుగు అంతస్తులు పోయి రెండు టవర్లు లేచాయి, వంద మంది తగ్గారు. ఎవరినీ వెళ్లగొట్టకుండా, అందరికీ ఇచ్చిన మాట నిలబెట్టుకుంటేనే ఇది.

మాట నిలబడని చోట ఇంకా అన్యాయం. కూల్చాక పని ఆగిపోతుంది. ఎనిమిదేళ్లు, పదేళ్లు ట్రాన్సిట్ క్యాంపులో. ఆ మధ్యలో జనగణన వస్తే ఆ భవనం లెక్క సున్నా.

తాళాల మాట అన్నాను కదా. 2017-18 ఆర్థిక సర్వే ప్రకారం, 2011 లెక్కల్లో దేశంలో అన్ని నగరాల కంటే ఎక్కువ ఖాళీ ఇళ్లున్నది ముంబైలోనే, దాదాపు 4.8 లక్షలు. ఇది మహానగరం మొత్తానికి, నడిబొడ్డుకు మాత్రమే కాదు. అయినా ఎంత విడ్డూరమో చూడండి. ఇల్లు లేక మనుషులు, మనుషులు లేక ఇళ్లు, రెండూ ఒకే ఊళ్లో.

మరి ఉచిత ఫ్లాటు వచ్చినవాడు దాన్ని ఎందుకు అమ్ముకుంటాడని చాలామంది కోప్పడతారు. అమ్ముకోక ఏం చేస్తాడు? ముగ్గురు కొడుకులు, మూడు వందల అడుగుల ఇల్లు. పరేల్‌లో అది అమ్మితే డోంబివ్లీలోనో విరార్‌లోనో రెండు ఇళ్లు వస్తాయి. పంపకం అయిపోతుంది, అన్నదమ్ములు కొట్టుకోరు. పైగా కొత్త టవర్‌లో లిఫ్టుకూ నీళ్ల పంపుకూ నెలనెలా మెయింటెనెన్స్. చాల్‌లో నెల కిరాయి వందల్లో ఉండేది, ఇక్కడ మెయింటెనెన్స్ వేలల్లో. కాగితం మీద ఎవరూ వెళ్లగొట్టలేదు. బిల్లు వెళ్లగొట్టింది. గిర్గావ్, దాదర్ మరాఠీ మధ్యతరగతి బోరివ్లీకీ డోంబివ్లీకీ పోయిన దారి చాలావరకు ఇదే.

సి వార్డు కథ కొంచెం వేరు. అక్కడ టవర్ల కంటే దుకాణం ఎక్కువ పని చేసింది. కింద దుకాణం, పైన కాపురం అన్నది పాత పద్ధతి. వ్యాపారం పెరిగే కొద్దీ కాపురం ఉన్న గది గోదాము అయింది, పై గది నగలు చేసే కార్ఖానా అయింది, ఇంకో పై గది అకౌంటెంటు ఆఫీసు. అదే సమయంలో టోకు బజార్లను నవీ ముంబైకి తరలించారు. ఉల్లి, ఆలుగడ్డ మార్కెట్ 1981లో వాషీకి వెళ్లింది, ధాన్యం, మసాలాలు తర్వాత వెళ్లాయి. వజ్రాల బజారు 2010లో ఒపేరా హౌస్ దగ్గర నుంచి బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌కు మారింది. హమాలీ, గుమాస్తా, దలాలీ పనులు బజారు వెంటే పోయాయి. అయినా సి వార్డు ఖాళీ అయిపోలేదు. రెండు చదరపు కిలోమీటర్లు కూడా లేని నేల మీద ఇంకా లక్షా అరవై వేల మంది ఉన్నారు.

ఇప్పుడు జనగణనలో ఉన్న ఒక సంగతి చెప్పాలి. మనిషి ఎక్కడ నివాసం ఉంటాడో అక్కడ లెక్కలోకి వస్తాడు. పగలు ఎక్కడ తిరుగుతాడో దానికి అక్కర్లేదు. జి సౌత్ వార్డులో 80 వేల మంది తగ్గారు అన్నాను. ఆ పదేళ్లలో, ఆ తర్వాత కూడా, అక్కడ ఆఫీసులు పెరుగుతూ వచ్చాయి. బ్యాంకులు, టీవీ చానళ్లు, ప్రకటనల కంపెనీలు. పొద్దున్నే కల్యాణ్ నుంచీ విరార్ నుంచీ వచ్చి పరేల్, ఎల్ఫిన్‌స్టన్ రోడ్ (ఇప్పటి ప్రభాదేవి) స్టేషన్లలో దిగే జనం పెరిగారు. ఒకప్పుడు ఆ వాడలో మిల్లు కార్మికుడు భోంగా, అంటే మిల్లు సైరన్, కూయగానే నడుచుకుంటూ పనికి పోయేవాడు. రైలు వంతెనతో అతనికి పెద్దగా పని లేదు. ఇప్పుడు పనిచేసేవాళ్లంతా రైలు దిగి వంతెన ఎక్కేవాళ్లే. 2017 సెప్టెంబరు 29న పొద్దున వాన పడుతోంది, తడవకుండా జనం ఆ ఇరుకు వంతెన మీదే ఆగిపోయారు, తొక్కిసలాట జరిగి 23 మంది చనిపోయారు. జనాభా తగ్గిన వార్డులో.

అందుకే "జనసాంద్రత తగ్గింది కాబట్టి ఒత్తిడి తగ్గింది" అని ఎవరైనా పవర్‌పాయింట్ చూపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. పడుకునేవాళ్లు తగ్గారు, తిరిగేవాళ్లు పెరిగారు. పడుకోడానికి పోయే దూరం కూడా పెరిగింది.

అంకె తగ్గితే అధికారం కూడా కదులుతుంది. 2008 పునర్విభజనకు ముందు ముంబైలో 34 అసెంబ్లీ స్థానాలు, నగర జిల్లాకు 17, శివారుకు 17. ఆ తర్వాత మొత్తం 36 అయితే, నగర జిల్లాకు 10, శివారుకు 26. ఏడు సీట్లు పోయాయి. అది 2001 లెక్కతో చేసిన పంపకం, 2011 తగ్గుదల అందులో లేనే లేదు. జనం ఎక్కడుంటే అక్కడ సీటు ఉండాలి, అందులో తప్పేం లేదు. కానీ పగలంతా నగరాన్ని వాడే మనిషి ఓటు డోంబివ్లీలో ఉంటుంది, అతను తొక్కే వంతెన పరేల్‌లో ఉంటుంది. ఆ వంతెన గురించి అతను ఏ ఎమ్మెల్యేని అడగాలి?

బడుల సంగతి చెప్పి ముగిస్తాను. ముంబై నగరపాలిక ఎనిమిది భాషల్లో బడులు నడిపింది, అందులో తెలుగు ఒకటి. వర్లీలో, నాయిగావ్‌లో మన పిల్లలు చదివిన బడులవి. ఇప్పుడు పిల్లలు లేక ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి. జనం తగ్గడం ఒక కారణం. ఉన్నవాళ్లు కూడా ఇంగ్లీషు మీడియానికి పంపడం రెండోది, బహుశా పెద్దది. రెండింటినీ కలిపేసి "వలస పోయారు కాబట్టి మూతపడ్డాయి" అనడం తేలిక. సయన్ అవతలకు మారిన తెలుగు కుటుంబం అక్కడ తెలుగు బడి అడిగిందా? చాలావరకు అడగలేదు.

ఇంకా సమయం ఉందంటున్నారు, ప్రశ్నలుంటే అడగండి.

(సభికుల్లో ఒకరు: సార్, బీడీడీ చాల్‌లు ఇప్పుడు కడుతున్నారు కదా, అక్కడా ఇలాగే తగ్గుతుందా?)

మంచి ప్రశ్న. 2011 లెక్కలప్పుడు బీడీడీ చాల్‌లు పాతవి పాతట్టే ఉన్నాయి, కాబట్టి ఆ తగ్గుదలలో వాటి పాత్ర లేదు. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి 556 కుటుంబాలకు తాళాలు ఇచ్చారు. 160 అడుగుల గది బదులు 500 అడుగుల ఫ్లాటు, సొంత మరుగుదొడ్డి. ఇది నిజంగా పెద్ద మార్పు, తక్కువ చేయకూడదు. ప్రభుత్వ సంస్థే కడుతోంది కాబట్టి మధ్యలో వదిలేసి పారిపోయే బిల్డరు బెడద తక్కువ. కానీ మెయింటెనెన్స్ బిల్లు అక్కడా వస్తుంది. కొన్నేళ్లు అమ్మకూడదని షరతులుంటాయి, అవి తీరాక చూడాలి. మా పెద్దమ్మ మనవడు ఇప్పటి నుంచే థానేలో ఫ్లాట్ల రేట్లు చూస్తున్నాడు. (నవ్వులు)

(ఒక విద్యార్థిని: మన హైదరాబాద్‌లో కూడా ఇలా జరుగుతోందా సార్?)

తగ్గింది అని చెప్పలేనమ్మా. 2001 నుంచి 2011కి హైదరాబాద్ జిల్లా 38.3 లక్షల నుంచి 39.4 లక్షలకు వెళ్లింది, మూడు శాతం కూడా పెరగలేదు. అదే పదేళ్లలో అప్పటి రంగారెడ్డి జిల్లా నలభై ఎనిమిది శాతం పెరిగింది. కోల్‌కతా జిల్లా అప్పటికే తగ్గింది, నూటికి ఒకటిన్నర పైచిలుకు. ఢిల్లీలో అప్పటి న్యూఢిల్లీ జిల్లా నూటికి ఇరవై తగ్గింది. న్యూయార్క్ నడిబొడ్డు మాన్‌హటన్‌లో 1910లో 23 లక్షల మంది ఉండేవారు, 2020లో 17 లక్షల లోపే. కాబట్టి మన దగ్గర రాదు అనుకోవడానికి కారణం లేదు. బేగంబజార్‌లో తల పైకెత్తి చూడు, కింద దుకాణం పైన ఎన్ని కిటికీల్లో ఆరేసిన బట్టలు కనబడతాయి, ఎన్నిట్లో అట్టపెట్టెలు కనబడతాయి లెక్కపెట్టు.

2027 లెక్కలు వచ్చాక నువ్వు పని చేయాలనుకుంటే ఒక్క జనాభా కాలమ్ చూసి రాసేయకు. పక్కన మూడు చూడు. ఇళ్లు ఎన్ని, అందులో తాళం వేసినవి ఎన్ని, ఇంటికి సగటున ఎందరు. జనం తగ్గి ఇళ్లు పెరిగితే ఒక కథ, జనంతో పాటు ఇళ్లూ తగ్గితే అది దుకాణాల కథ. నివాసం కోసం కట్టిన భవనం వేరే పనికి వాడుతున్నారా అన్నది కూడా ఇళ్ల జాబితాలో ఉంటుంది. అన్నిటికంటే ముందు సరిహద్దులు చూసుకో. 2016లో రంగారెడ్డి జిల్లాను మూడు జిల్లాలు చేశారు. 2011 అంకె పక్కన 2027 అంకె పెట్టి తీసేశావంటే, సగం జిల్లా మాయమైపోయిందని పేపర్లో హెడ్డింగ్ వస్తుంది.